ఆఖరి వరుసలో సొంత ఇల్లు

నారాయణఖేడ్‌లో సగం ఇళ్లకు ఇంటర్నెట్ నందీశ్వర్ చేతిమీదుగానే వెళ్తుంది. నెట్ ఆగితే ఊరందరికీ గుర్తొస్తాడు, నడుస్తుంటే ఒక్కరికీ గుర్తుండడు. నలభై రెండేళ్ల ఆ మనిషి పగలంతా కేబుల్ ఆఫీసు గదిలో ఇంటింటికీ నెట్ పంచే స్విచ్ పెట్టెల ముందు ఒక్కడే కూర్చుని, సాయంత్రం ఎవరూ లేని ఇంటికి పోతాడు. భార్య దాక్షాయణి ఏడాదిగా బీదర్‌లో నర్సు.

"రెండు రూముల ఇల్లు చూసిన, నువ్వు గూడ రా. ఈడ నెట్ పని దొరకదా ఏంది?" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో. ఆమెకు తీరిక దొరికేది సాయంత్రం ఏడింటికే, అప్పటికి అతడి ఆఫీసు మూసి ఉంటుంది. నందీశ్వర్ ఇంటి గల్లీలో మొబైల్ సిగ్నల్ సున్నా, మాట్లాడాలంటే ఇంటి నెట్ మీదే. అతడు నోరు తెరిచేసరికి బొమ్మ ఆగేది, మాట తెగేది. ఊరు వదలాలంటే జంకు కాబట్టి, తెగినప్పుడల్లా లోపల కాస్త హాయిగా కూడా ఉండేది. అబద్ధమెందుకు! కానీ ఖాళీ ఇల్లు ఎన్నాళ్లని భరిస్తాడు? దసరా దాటాక వెళ్లాలనే నిశ్చయించుకున్నాడు. ఆ మాట నోటితో చెప్పాలి. బస్సెక్కి వెళ్లొచ్చు కదా అంటారా, ఆదివారాలే ఫిర్యాదులెక్కువ. అదీ అతడి సాకు.

ఆ వారమే పక్కింటి మల్లీశ్వరి నెట్ మీదనే ఆఫీసుకు ఫోన్ చేసింది. "అన్నా, పూణెల ఉండే మా ఆయన మొఖం ఇప్పుడు సాఫ్ కనబడుతుందే!"

సాఫ్‌గా ఎందుకు రాదు? ఏడింటికి ఊరంతా సినిమాలకు ఎగబడుతుందని, మాటలూ వీడియో కాల్స్ ముందు పంపు, సినిమాలు తర్వాత అని స్విచ్‌లో ఈమధ్య రూల్ రాసింది తనే. మరి అదే గల్లీలో తనింట్లో ఎందుకు తెగుతోంది? నందీశ్వర్ తెర మీద రూల్స్ పైనుంచి చదివాడు.

మొట్టమొదటి వరుసలో తనిల్లే ఉంది. తనింటికి ఏది వచ్చినా, అన్నిటికన్నా వెనక నిలబెట్టమని.

కొత్త రూల్ ఏదైనా ముందు సొంతింటి మీద రాసి చూడటం అతడి పద్ధతి, ఊళ్లోవాళ్లకు ఇబ్బంది ఉండకూడదని. వెనక నిలబెట్టడం పనిచేస్తుందా అని ఎండాకాలంలో రాసి, చూసి, తీసేయడం మరిచాడు. స్విచ్ పైనుంచి చదువుతుంది, సరిపోయే మొదటి రూల్ దగ్గరే ఆగిపోతుంది. కింద కాల్స్ ముందు అని ఎంత చక్కగా రాసి ఉన్నా అతడింటి వరకు అది చేరలేదు. ఆరు నెలలుగా దాక్షాయణి గొంతు ఊరి సినిమాలన్నిటి వెనక నిలబడింది. సిగ్గుతో అతడి చెవులు వేడెక్కాయి. ఆ వరుస తీసేశాడు.

ఏడింటికి ఇంటి నుంచి తనే కాల్ చేశాడు. దాక్షాయణి ముఖం నిండుగా కనిపించింది, కళ్ల కింది నలుపుతో సహా.

"దాక్షా, తప్పు నాదే. లైన్ల నేనే ఒకటి మరిచిపోయిన. ఇగ తెగదు. నేను వస్తున్న."

ఆమె ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుంది. "ఖేడ్ మొత్తానికి లైన్ ఇచ్చేటోనివి. నీ ఇంటికే రాదంటే, నీకు ఇష్టం లేదనే అనుకున్న."

"లేదే..."

"ఆ రెండు రూముల ఇల్లు వద్దని చెప్పేసిన. నర్సుల హాస్టల్‌కు మారి పది దినాలయింది. మొగోళ్లను రానియ్యరు. నాకిట్లనే మంచిగున్నది."

ఒక్క అక్షరం కూడా తెగకుండా వినిపించింది.