పెట్టె మీద ఎర్ర స్విచ్చు

కడపలో మా పక్కింటాయన ఏళ్ల తరబడి బండల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము మింగిన మనిషి. వరసకేమీ కాకపోయినా పెద్దనాయన అంటాను. ఆయన ఫ్యాక్టరీకి పోతే చేనూ, బోరు మోటారూ ఆయన భార్య, పెద్దమ్మే చూసుకునేది. ఇప్పుడాయనకు ఆక్సిజన్ మిషను కాసేపు ఆగితే పెదాలు నల్లబడతాయి. వాళ్లింట్లోని ఇన్వర్టరేమో ఆ మిషను మొదలవగానే చేతులెత్తేసేది.

పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెప్పే నాకు ఇంతకంటే సందు ఏం కావాలి? రెండు లారీ బ్యాటరీలు, పెద్ద ఇన్వర్టరు, లైను కరెంటు పోగానే బ్యాటరీకి మార్చే రిలే, అన్నీ ఇనుప పెట్టెలో బిగించి, అవసరమైతే మొత్తం ఆపడానికి పైన ఒక ఎర్ర స్విచ్చు పెట్టాను. మొదటి రిలే చిన్నదైంది. లోపలి రేకులు కరిగి అతుక్కుపోయాయి. మందపాటిది వేసి, పదిసార్లు మెయిన్ తీసి చూశాను. టప్పుమని మారుతోంది, మిషను ఆగడం లేదు. పెద్దనాయన నవ్వాడు. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను తాపీగా అన్నం తింటుంటే పెద్దమ్మ గోడవతల నుంచి కేక వేసింది. ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. మిషను ఆగిపోయి ఉంది. ఆయన మంచంపట్టె పట్టుకుని గాలికోసం ఎగపీలుస్తున్నాడు. పెట్టె మీద నేను బిగించిన ఎర్ర స్విచ్చు తీసేసి ఉంది. వేశాను. మిషను అందుకుంది.

ఆయన తేరుకునేలోపే నాకు కోపం నషాళానికెక్కింది. దీన్నెవరు ముట్టుకున్నారని అరిచాను.

పెద్దమ్మ ఒప్పుకుంది. "నేనే నాయనా. కరెంటు పోతే అన్నీ ఆపేస్తాం గదా. మళ్లా వచ్చేటప్పుడు ఎక్కువొచ్చి, నువ్వు కష్టపడి చేసిన పెట్టె యాడ కాలిపోతాదో అని ఆపినా."

బోరు మోటారు ఉన్న ఏ ఇంట్లోనైనా ఇదే అలవాటు. అంతెందుకు, ఇందాక అన్నానికి కూర్చునే ముందు మా ఫ్రిజ్ స్విచ్చు తీసింది నేనే.

పెద్దనాయన మెల్లగా గొంతు పెగల్చుకున్నాడు. "దాన్ని కసరొద్దప్పా. నలభై ఏండ్లు మా మోటారు కాలకుండా కాపాడింది ఆ చెయ్యే."

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదేనని పెద్దమ్మకు చెప్పి, స్విచ్చు పీకేసి తీగలు కలిపేశాను. ఈసారి కరెంటు పోతే తానేం చేయాలని ఆమె అడిగింది. ఏమీ చేయనక్కర్లేదన్నాను.

ఆమెకు నమ్మకం కుదరలేదు. కాసేపు పెట్టెనే చూసి, మంచం దగ్గరికి జరిగింది.

"అట్లయితే ఈయన చెయ్యి పట్టుకోని కూచుంటాలే" అంది.