పదికి రెండు మార్కులు

అమీర్‌పేటలో మా ఇన్‌స్టిట్యూట్ మొదటి బ్యాచ్ ఉదయం ఏడింటికి మొదలయ్యేది. నేను డేటాబేస్ పాఠాలు చెప్పేవాణ్ణి. అడ్మిషన్ల కౌంటర్లో కూర్చునే అన్న ఆరింటికే వచ్చి షట్టర్ తీసేవాడు. ఆ తర్వాత ఇద్దరం మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర నిలబడి నా ఫోన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళం. అక్కడ రాత్రి ఆడే ఆట మనకు పొద్దున వస్తుంది. అలా ఆరేళ్ళు చూశాం.

ఆయన నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. పుట్టి పెరిగింది బోరబండలో. వాళ్ళ నాన్న కట్టడాల దగ్గర కూలిపని చేసి ఆయన్ని డిగ్రీ దాకా చదివించాడు. ఆదివారాలు పంజాగుట్టలోని ఒక కోర్టులో క్లబ్బు జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడేవాడు. కెప్టెన్ కూడా ఆయనే. నేను ఏలూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. బంతి చేతికిస్తే జారవిడిచే రకం. ఆటలో నాకున్నదల్లా అభిప్రాయాలే.

బేస్‌బాల్ పిచ్చి కూడా నాకు ఉండేది, అది పాఠాల వల్ల పట్టింది. నేను క్లాసులో వాడే నమూనా పట్టికల్లో ఉన్నవన్నీ అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళ లెక్కలే. వాళ్ళ పేర్లు, స్కోర్లు చూసీ చూసీ చివరికి ఆట కూడా చూడటం మొదలుపెట్టాను. మొదటిసారి చూపించినప్పుడు అన్న నవ్వాడు.

"గిది మా చిర్రగోనె లెక్కనే ఉంది కద తమ్మి. జర పెద్ద గ్రౌండ్ల ఆడుతుండ్రు, గంతే."

చిర్రగోనె అంటే మా వైపు బిళ్ళంగోడు. అయినా నాతోపాటు చూసేవాడు. నేను అంకెలు చూసేవాణ్ణి, ఆయన మనిషిని చూసేవాడు. ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చర్ ఒకడు ఉండేవాడు. మూడు వారాలుగా అతని బంతిలో వేగం తగ్గింది, పక్కన పెట్టేయాలి అన్నాను.

"ఆయన మొకం చూసినవా? భుజం నొస్తుంది ఆయనకు. చెప్పుకుంటలేడు."

"నొప్పి ఉంటే కూర్చోవాలి గదన్నా. ఆడటం ఎందుకు?"

"కూసుంటే మల్ల లేపుతరా?" అన్నాడు.

నా అభిప్రాయాలు వృథా పోకూడదని వాళ్ళ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్పించింది ఆయనే. ప్రతి ఆదివారం ఆట అయ్యాక నేను ఒక్కొక్కరి గురించి నాలుగు మాటలు రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేసేవాణ్ణి. అందరూ ఎదురుచూసేవారు. "నువ్వు రాస్తేనే ఆడినట్టు ఉంటది తమ్మి" అనేవాడు అన్న. ఆయనకు ఎప్పుడూ ఏడుకు తగ్గలేదు. నిజంగానే బాగా ఆడేవాడు.

మూడేళ్ళ కిందట వాళ్ళ జట్టు ఒక టోర్నమెంటులో సెమీఫైనల్ దాకా వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిది. ఆ రోజు మొదటి నుంచీ ఆయన కాళ్ళు కదల్లేదు. చివరి నిమిషంలో మనవాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉండగా ఆయనకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఎవరూ అడ్డురారు, గీత దగ్గర తీరిగ్గా నిలబడి బుట్టలో వేయడమే. రెండూ పోయాయి. ఆట అయిపోయింది.

నేను పక్కనే ఉన్న హోటల్లో కాఫీ చెప్పి, అక్కడే కూర్చుని రాశాను. "ఈరోజు కోర్టుకి మన కెప్టెన్ రాలేదు, ఆయన బూట్లు మాత్రం వచ్చాయి. బోరబండ బస్సు కోసం నిలబడ్డ పెద్దాయనలా గీత దగ్గర నిలబడ్డారు. ఆట ఆయన్ని ఎప్పుడో వదిలేసింది, ఆ సంగతి ఆయనకింకా తెలియలేదు. పదికి రెండు. ఆ రెండూ టైముకి వచ్చినందుకు." రాశాక రెండుసార్లు చదువుకున్నాను. బాగా వచ్చిందనిపించింది. గ్రూపులో నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. ఇంటికి వెళ్ళేదాకా వాటిని చూసుకుంటూనే ఉన్నాను.

సోమవారం ఆయన చాయ్ బండి దగ్గరికి రాలేదు. వెళ్ళి చూస్తే షట్టర్ తీసి ఉంది, కౌంటర్లో కూర్చుని ఉన్నాడు.

"చాయ్‌కి రాలేదేంటన్నా?"

"పని ఉంది సార్. మీరు తాగి రండి."

ఆరేళ్ళలో ఆయన నన్ను సార్ అనలేదు, మీరు అనలేదు. పరాచికం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. మంగళవారం, బుధవారం కూడా అంతే. శుక్రవారం క్లాసు అయ్యాక కౌంటర్ ముందు నిలబడ్డాను.

"నేను రాసినదానికైతే తిట్టన్నా. ఈ సార్ ఏంటి?"

ఆయన ముందున్న ఫారాలు సర్ది పక్కన పెట్టాడు. గొంతులో కోపం లేదు.

"మా బిడ్డ ఇంగ్లీష్ మీడియం కద సార్. తెలుగు సదువుడు జర కష్టం. అందుకని మీరు రాసేటియి ఆదివారం ఆదివారం దానితోని బయటికి సదివిపిస్త. మా అమ్మ, నా భార్య సుత కూసుని ఇంటరు. మొన్న నేను తానం చేస్తుంటె నా ఫోను తీసుకొని సదువుడు షురూ చేసింది. లోపట్నుంచి ఇంటనే ఉన్న. నేను బయటికొచ్చే వరకు మార్కులకాడికి వచ్చింది. పదికి రెండు అంటే ఫెయిలే కద డాడీ, అన్నది."

"నువ్వేమన్నావన్నా?" అని అడిగాను.

"నవ్విన సార్. ఏం చేస్త" అని, లోపలికి వచ్చిన ఒకమ్మాయికి బ్యాచ్ టైమింగ్స్ చెప్పడం మొదలుపెట్టాడు.

నా రాతలు ఒక ఇంట్లో ప్రతి వారం గట్టిగా చదువుతున్నారని నాకు తెలియదు. తెలిస్తే అలా రాసేవాణ్ణి కాదు అనుకుని కొంత ఊరట పొందాలని చూశాను. కుదరలేదు. తెలియకపోయినా ఆయన చదువుతాడని తెలుసు కదా.

ఆ ఆదివారం బోరబండ వెళ్ళాను. ఆయన పాత ఆట ఒకటి, చివరి పది నిమిషాల్లో ఒక్కడే గెలిపించింది, గుర్తు చేసుకుని కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ఆయన తల్లి మంచం మీద కూర్చుని ఉంది. "గీ సారేనా రాసేది?" అని అడిగింది. అవునన్నాడు ఆయన. ఆమె నన్ను కూర్చోమంది.

పాపకు పదేళ్ళుంటాయి. కాగితం తన చేతికిచ్చి చదవమన్నాను. ఒత్తుల దగ్గర ఆగుతూ, వేలితో వరసలు పట్టుకుంటూ మొత్తం చదివింది. కింద పదికి పది అని ఉంది. తలెత్తి నావైపు కాక వాళ్ళ నాన్నవైపు చూసింది.

"మొన్న రాసింది అబద్ధమా డాడీ, ఇది అబద్ధమా?"

వంటింట్లో ఆయన భార్య గిన్నెల చప్పుడు ఆగింది. నేను ఏదో అనబోయాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"రెండు సుత నిజమే బిడ్డా. పో, సార్‌కు నీళ్ళు తీసుకరా."

నీళ్ళు తాగాను. చాయ్ ఇచ్చారు, తాగాను. క్షమించమని అడిగాను. "మీరు చూసిందే రాసిన్రు సార్. ఫికర్ వెట్టుకోకున్రి" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. అంతకుముందు ఎప్పుడూ వీపు మీద ఒకటి చరిచి పంపేవాడు.

ఆయన మళ్ళీ కోర్టుకు రాలేదు. మెల్లగా గ్రూపు నుంచి కూడా వెళ్ళిపోయాడు. రెండు నెలలకు ఎర్రగడ్డ వైపు వేరే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. వెళ్ళే రోజు స్టాఫ్ అందరికీ మిఠాయి పంచాడు, నాకూ ఇచ్చాడు. నేను కూడా రాయడం మానేశాను. మొదట్లో రాయమని అడిగారు, తర్వాత అడగడం మానేశారు. నా స్థానంలో ఇంకెవరో మార్కులు వేస్తున్నారు.

నిరుడు ఎండాకాలంలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆయన కనిపించాడు. స్కూటర్ మీద ఉన్నాడు, కొంచెం ఒళ్ళు చేశాడు. నేను ఫుట్‌పాత్ మీద నుంచి "అన్నా" అని పిలిచాను.

"నమస్తే సార్, బాగున్నరా?"

బాగున్నానన్నాను. పాప ఎలా ఉందన్నాను. ఏడో తరగతి, తెలుగు ఇప్పుడు మంచిగ సదువుతది అన్నాడు. పొద్దున ఆటలు చూస్తున్నావా అని అడిగాను. "టైం దొరుకుతలేదు సార్" అన్నాడు. ఆడుతున్నావా అని మాత్రం అడగలేకపోయాను. వెనక బండ్లు హారన్ కొట్టాయి. ఆయన తల ఊపి ముందుకు సాగాడు. నేను ఇన్‌స్టిట్యూట్‌కు నడిచి వెళ్ళాను. ఆ రోజు ఏం పాఠం చెప్పానో గుర్తులేదు.