మేయర్ సాబ్ ఇరుక్కుపోయిన నల్లా గోడ

మా చిన్నప్పుడు రాంగోపాల్‌పేట్‌లో మా గల్లీ మొత్తానికి ఒకటే నల్లా... తెల్లవారకముందే దాని ముందు బిందెలు వరస కట్టేవి. మనిషి ఇంట్లో పొయ్యి రాజేసుకుంటున్నా సరే, బిందె నిలబడితే మనిషి నిలబడ్డట్టే. ఆ వంతును ఎవరూ తప్పించేవారు కాదు.

ఆ వరసలో అప్పుడప్పుడూ ఒక మగమనిషి కూడా ఉండేవాడు... తెల్ల ధోతి, భుజాన పెద్ద ఇత్తడి బిందె! గాజుల దుకాణం ఆయనది. అప్పటికి మా వార్డు మెంబరు. తర్వాత సికింద్రాబాద్‌కు ఏళ్ల తరబడి మేయర్‌గా ఉన్నది ఆయనే. మాకు మాత్రం తలచుకుంటే మొదటినుంచీ మేయర్ సాబే.

"మీకేం ఖర్మ సాబ్, మేం పంపిస్తం గదా నీళ్లు" అని ఆడవాళ్లు నవ్వేవారు.

"వంతుల నిలబడకుంటే మీ తక్లీఫ్ నాకెట్ల తెలుస్తదమ్మా" అనేవాడు. ఇంట్లో వాళ్లావిడకు మాత్రం ఇది తలవంపుగా ఉండేదట. పాపం, ఆవిడ చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

మా పక్కిల్లు హమీదా ఖాలాది, మాకు పిన్ని లెక్క. వాళ్లాయన దర్జీ, మేం చిచ్చా అని పిలిచేవాళ్లం. మా పండగ బట్టలన్నీ ఆయన కుట్టినవే. ఖాలా పరదా మనిషి, గడప దాటేది కాదు. తోలుసంచిలో నీళ్లు మోసే భిస్తీ రోజూ వాళ్లింట్లో నీళ్లు పోసి పోయేవాడు.

ఇంతలో పోలీస్ యాక్షన్ వచ్చి నిజాం రాజ్యం పోయింది... పెద్దవాళ్లు గుసగుసలాడుకునేవారు, మమ్మల్ని చూస్తే నోరు మూసుకునేవారు. భిస్తీ ఎటో వెళ్లిపోయాడు. చిచ్చా కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. కరాచీ వెళ్లిపోయిన ఖాలా తమ్ముడు వీళ్లనూ రమ్మని కబురు పెట్టాడు.

అమ్మ తన బిందెతోపాటు ఖాలా బిందెనూ వరసలో పెట్టడం మొదలుపెట్టింది. కొన్నాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు ఎదురింటి అనసూయమ్మ ఆ బిందెను కాలితో పక్కకు నెట్టేసింది.

"రాని మనిషికి వంతేంది? గావాల్నంటే ఆమెనే రమ్మను!"

మా గల్లీలో ఒకరి బిందెను ఇంకొకరు జరపడం అదే మొదలు... మా అమ్మ అక్కడే ఏడ్చేసింది. ఆ రోజు పక్కింటి గోడ అవతలి నుంచి ఖాలా గొంతు నాకింకా చెవుల్లోనే ఉంది. "పోనీ అక్కా... మేమే పోతం. నీళ్లు సుత దొరకని కాడ ఎన్నొద్దులుంటం?" ఆ మధ్యాహ్నమే సందుకు పెట్టెలో బట్టలు సర్దడం షురూ చేసింది. నాకు అన్నం సయించలేదు. ఖాలా వెళ్లిపోతే నాకు జడ ఎవరు వేస్తారు?

సంగతి మేయర్ సాబ్‌కు తెలిసింది. అనసూయమ్మను ఒక్క మాట అనలేదు. "జెర ఆగున్రి, తొందరపడకున్రి" అని చిచ్చాకు చెప్పి వెళ్లాడు. వారం తిరక్కుండా మేస్త్రీలు దిగారు. నల్లా చుట్టూ నిలువెత్తు గోడ లేచింది, లోపలికి సన్నటి దారి ఒక్కటే. పొద్దున పూట ఆడవాళ్లే రావాలి, మగవాళ్లు ఆ ఛాయలకు రాకూడదు. పరదా వాళ్లయినా వచ్చి నీళ్లు పట్టుకోవచ్చు.

మొదటిరోజు మాత్రం చూడటానికి మగవాళ్లతో సహా గల్లీ అంతా అక్కడే. ఖాలా బురఖాలో మా అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. బిందె నింపి చంకన పెట్టుకుని బయటికి రాబోతే... పట్టదే! ఆ దారి మనిషికి సరిపోయింది గానీ, చంకన బిందె ఉన్న మనిషికి సరిపోలేదు. కట్టినవాళ్లు మగవాళ్లు, కట్టించినాయన బిందెను భుజానెత్తుకునే మగాయన... ఇంకేం తెలుస్తుంది! ఖాలా బిందెను లోపలే దింపేసి, బిక్కచచ్చి బయటికొచ్చి నిలబడింది.

"ఎందుకు పట్టది?" అంటూ మేయర్ సాబ్ తన బిందె తీసుకుని లోపలికి వెళ్లాడు. నిండా నింపి, అచ్చం ఆడవాళ్లలాగే చంకన పెట్టుకుని వచ్చాడు. ఇరుక్కుపోయాడు! ముందుకు రాడు, వెనక్కి పోడు... నీళ్లన్నీ ధోతి మీద.

"నడుం తిప్పున్రి సాబ్, నడుం!" అని అరిచింది అనసూయమ్మ. గల్లీ అంతా గొల్లున నవ్వింది. బురఖా లోపలి నుంచి కూడా ఒక నవ్వు... పోలీస్ యాక్షన్ తర్వాత ఖాలా నవ్వగా వినడం నాకదే మొదటిసారి. ఆ నవ్వు విని అనసూయమ్మ అటు తిరిగింది. ఆయన బయటపడగానే తనే లోపలికి వెళ్లి, ఖాలా బిందెను నెత్తిన పెట్టుకుని, తిన్నగా ఖాలా ఇంట్లోకి నడిచింది.

"తప్పు నాదే. అడగాల్సినోళ్లను అడగకుండ కట్టిన" అంటూ మేయర్ సాబ్ ఆ తడి ధోతితోనే గడ్డపార పట్టుకుని దారిని వెడల్పు చేశాడు.

ఖాలా సందుకు పెట్టెలోని బట్టలు మళ్లీ దండెం మీదికి వచ్చాయి. చిచ్చా మిషన్ చప్పుడు మళ్లీ వినబడింది. వాళ్లు వెళ్లలేదు.

ఆ తర్వాత ఆయన కార్పొరేషన్‌కు గెలిచాడు, మేయరయ్యాడు, మళ్లీ మళ్లీ అయ్యాడు. మార్కెట్ మెట్లయినా, బడి తలుపులైనా కట్టేముందు ఆడవాళ్లను పిలిచి "ఇది సరిపోతదా అమ్మా?" అని అడిగేవాడు. రెండు నగరాల కార్పొరేషన్లు ఒక్కటయ్యాక మళ్లీ గాజుల దుకాణంలోనే కూర్చున్నాడు.

ఆయన పోయిన రోజు పొద్దున నేను నల్లా దగ్గరే ఉన్నాను. వరసలో అన్నిటికంటే ముందు ఆయన ఇత్తడి బిందె ఉంది... ఆయన ఇంటి నుంచి తెచ్చి పెట్టింది హమీదా ఖాలా. ఆ వంతును ఎవరూ తప్పించలేదు. ఆఖరి స్నానానికి ఆ నీళ్లే వెళ్లాయి. బిందె ఒక పక్క అనసూయమ్మ పట్టుకుంది, ఇంకో పక్క ఖాలా.

ఇప్పుడు ఆ గోడ లేదు, నల్లా లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి గదిలోనూ నీళ్లొస్తాయి... ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో మాత్రం నాకు తెలియదు. మీ గల్లీలో నల్లా ఉండేదా? మీరు లేనప్పుడు మీ బిందెకు వంతు కాపాడిన మనిషెవరు? పేరు గుర్తుంటే కింద రాయండి... ఒక్కసారి వాళ్లను తలచుకుందాం.