మామ చేతికివ్వని వల తాడు

మొన్న ఆషాఢంలో మా కోడలు బండి మీద చేపలమ్మేవాడి దగ్గర ఒక వాలుగను కొన్నది. కోస్తే కడుపు నిండా జన, గిన్నెడు గుడ్లు. ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తింటుంటే నాకు ఒళ్లు మండి కంచం ముందు నుంచి లేచిపోయాను. ముసలాడికి తిక్క రేగిందనుకున్నారు, అనుకోనీ. వానలు పడి చేప గుడ్లు పెట్టడానికి ఏటికెదురెక్కే రోజుల్లో వల ముట్టకూడదంటే ఇప్పుడు మా భోపాల్‌పట్నంలో నవ్వుతారు గాని, నా ఈడు వాళ్లైన మీకైనా ఆ సంగతి గుర్తుండాలి.

అప్పుడు మనది బస్తర్ సంస్థానం. నాకు కొత్తగా ఠాణాలో చప్రాసీ కొలువు దొరికింది, ఖాకీ కోటు మీద ఇత్తడి బిళ్ల తగిలించుకుని నేలకు జానెడు ఎత్తున నడిచేవాణ్ని. మా మేనమామది ఇంద్రావతి ఒడ్డున పూటెడు నడక దూరంలో చేపలు పట్టేవాళ్ల ఊరు. రాజుగారి పూర్వీకులు ఓరుగల్లు వదిలి వచ్చినప్పుడు నది దాటించింది తమ పడవలేనని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలు కూడా చెప్పేవారు. నిజమో అబద్ధమో గాని ఆ పొగరు మాత్రం ఊరందరికీ ఉండేది, ఊరి కులపెద్ద అయిన మా మామకు మరీ ఎక్కువ. ఆయన కూతుర్ని నాకిస్తానని చిన్ననాడే మాట అయిపోయింది.

తొలి వరద రాగానే ఊళ్లోని వలలన్నీ తెచ్చి మామ ఇంటి దూలానికి వేలాడదీసేవారు. దసరా దాటి, నీళ్లు తేరుకుని, గంగమ్మకు కొలుపు చేసిన రోజు మామ ఒడ్డున నిలబడి ఇంటికొకరిని పేరు పెట్టి పిలిచి పెద్ద వల తాడు చేతికిచ్చేవాడు. పిల్లనిచ్చే అల్లుడైతే ఆ రోజు మామ పక్కనే తాడు పట్టాలి, అప్పుడే లగ్గం పెట్టుకుంటారు. కట్టు తప్పినవాణ్ని ఎవరూ తిట్టరు, కొట్టరు, తాడు పట్టడానికి పిలవరు, అంతే. ఆయన నోటితో మళ్లీ పిలిచేదాకా వాడు ఆ ఊరికి కానివాడే. నాకు ఆ యేడే లగ్గం.

ఆ వానాకాలంలోనే ఒక సాహెబు దౌరా మీద, ఊళ్లు తనిఖీ చేసుకుంటూ వచ్చి ఠాణాలో దిగాడు. ఇక్కడ మంచి చేప దొరుకుతుందా అని ఆయన వంటవాడితో అంటుంటే, నన్నెవరూ అడక్కపోయినా నేనే ముందుకురికి, మా మామ ఊళ్లో నా మాటకు తిరుగులేదని గొప్పలు పోయి, చేప తెస్తానని బయల్దేరాను. నా నోరు పడిపోను! దారి సగం నడిచాక గాని వల మూసిన రోజులని బుర్రకెక్కలేదు. అప్పటికైనా వెనక్కి తిరిగితే పోయేది. బిళ్ల తగిలించుకున్నవాడికి తిరగడానికి నామోషీ అడ్డొచ్చింది.

సాహెబు హుకుం అని చెబితే మామ కనీసం కుక్కిమంచం మీద నుంచి లేవలేదు. "ఏంది రా, రాజు తాతల్ని దాటించినోళ్లకు నువ్వు హుకుం తెచ్చినవా? దసరా ఎల్లినంక రమ్మను నీ సాబును" అని మొహం అటు తిప్పుకున్నాడు. వాకిట్లో ఊరంతా నిలబడి చూస్తోంది, తలుపు చాటున ఆ పిల్ల కూడా ఉంది. నాకు పౌరుషం ముంచుకొచ్చింది. దూలం మీది విసురు వలను నా చేత్తోనే దించి, మడుగులోకి దిగి విసిరాను. ఒక్కడూ నన్ను ఆపలేదు. చూస్తూ ఊరుకున్నారు గనుక భయపడ్డారనుకున్నాను, మూర్ఖుణ్ని.

పడింది కడుపుతో ఉన్న వాలుగ. ఠాణాలో వంటవాడు దాన్ని చీల్చి గుడ్లు కుక్కకు పడేశాడు. సాహెబుకు ఆ పూట కడుపులో బాగాలేక గంజి తాగి పడుకున్నాడట, చేప ముట్టనే లేదు.

కొలుపు రోజున కొత్త పంచె కట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. మామ అందరినీ పిలిచాడు. తన పక్కన తాడు పట్టడానికి అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ని పిలిచాడు. ఆ పిల్ల నా వైపు వీపు పెట్టి బుట్ట సర్దుకుంటూ కూర్చుంది. మా అమ్మ తన అన్న కాళ్ల మీద పడినా ఆయన కరగలేదు. ఆ తర్వాత నాకు వేరే సంబంధం కుదిరింది, పిల్లలు పుట్టారు, సంస్థానం దేశంలో కలిసిపోయింది, బిళ్ల మారింది. అయినా ఏటేటా కొలుపు నాడు వెళ్లి నిలబడేవాణ్ని. మొండి ముసలాడు ఒక్కసారైనా నా పేరెత్తలేదు. నేనూ తక్కువ తిన్నవాణ్ని కాదు, తప్పయిందని ఒక్కసారైనా అనలేదు. ఆయన పోయిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆయనతోనే కొలుపూ పోయింది. ఇప్పుడు ఎవడికి తోచినప్పుడు వాడు నైలాను వల వేస్తాడు, నదిలో చేపా తగ్గింది. పోయినేడు అటు వెళితే ఒడ్డున పడవ తోసుకుంటున్న ఒక పిల్లగాడు, "తాతా, జర ఈ తాడు పట్టుకో" అని వల తాడు నా చేతికిచ్చి పోయాడు. నేనెవరో వాడికి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఎన్నేళ్లు ఆ ఒడ్డున నిలబడ్డానో ఆ తాడు కోసం! వాడు తిరిగొచ్చేదాకా పట్టుకుని నిలబడ్డాను. నా తప్పు తెలిసి నన్ను పిలవకుండా ఉండగలిగినవాడు ఒక్కడు కూడా ఆ ఊళ్లో ఇప్పుడు లేడు.