బొరుగుల సంచికి కొలత

వేవిళ్లతో అన్నం ముట్టని మా చెల్లెల్ని చూడటానికి జమ్మలమడుగు నుంచి వెళ్లి అమ్మా నేనూ మొదటిసారి విమానమెక్కిన రోజది. చెల్లెలు అడిగిందని అమ్మ కారం బొరుగులు సంచి నిండా కూరింది. అంగట్లో తూకం వేయిస్తే మూడు కిలోలే. ధీమాగా బయలుదేరాం.

విమానాశ్రయంలో సంచుల కొలత చూసే ఇనుప చట్రంలో అది దూరలేదు.

"బరువు కాదమ్మా, సైజు ఎక్కువ. డబ్బు కట్టాలి" అంది అక్కడి ఉద్యోగిని. వెనక వరుసంతా మమ్మల్నే చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"బొరుగులకు దుడ్లు కట్టేదేంది?" అంటూ అమ్మ సంచి విప్పింది. "తినండప్పా, పొద్దున కలిపినవే" అని వరుసలో అందరికీ దోసెడేసి పంచింది. సంచి సన్నబడి చట్రంలోకి జారింది. ఆ ఉద్యోగినీ నవ్వుతూ చెయ్యి చాపింది.

చెల్లెలి ఇంటికి చేరాక తను సంచి చూసి మూతి ముడిచింది.

"ఇన్నేనా మా?"

"శానా తెచ్చినాం పాపా. విమానం కాడ అందరికీ పంచి, నీ సీమంతం ఆడనే చేసేసినాం!"