అడ్డపొగ తీర్పు

పొగాకు గురించి నాకు తెలిసినంత ఈ విశాఖపట్నంలో ఇంకెవరికీ తెలియదని చాలాకాలం అనుకున్నాను. మాది కోటిపల్లి అవతల గోదావరి లంక. మా నాన్న లంక పొగాకు పండించాడు, చుట్ట కాల్చాడు, చుట్ట నోట్లో ఉండగానే ఊరందరినీ తిట్టాడు. ఆ కోపం, ఆ గీర రెండూ నాకొచ్చాయి. పోర్టు దగ్గర ఓడలకు సామాన్లు సరఫరా చేసే కంపెనీలో నేను గోడౌన్ గుమాస్తాని. ఉల్లిపాయల నుంచి సిగరెట్ల దాకా ఓడవాళ్ళు ఏది అడిగితే అది అందించడం మా పని. నా గీర దించిన మనిషి నూకాలు. ఆవిడ కథ చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోక తప్పదు.

నూకాలుది జాలరిపేట. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్లో చేపలు గంపకెత్తుకుని, పదింటికల్లా మా ఆఫీసు గేటు దగ్గర కూర్చునేది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఈ వైపు అక్కని పిలిచినట్టు, అందరిలాగే నేనూ "అప్పా" అని పిలిచేవాణ్ణి. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండాల్సిందే. అదీ మా నాన్న కాల్చినట్టు కాదు. నిప్పున్న కొస నోటి లోపల, ఉత్త కొస బయట. దాన్నే అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఈ తీరంలో ఆడవాళ్ళు అలా కాలుస్తారు. మొదటిసారి చూసినప్పుడు "నాలిక కాలదా అప్పా?" అని అడిగాను.

"నోరు మూసుకుని కూకుంటే కాల్దు బావూ" అంది. నన్నే అందనుకుని ఒక పూట మాట్లాడలేదు.

1994 వానాకాలంలో ఒక ఇంగ్లీషు కెప్టెన్ కోసం పైపు పొగాకు డబ్బాలు తెప్పించాం. ఒక డబ్బా మూత తీశానో లేదో, గుప్పున కాలిన వాసన. తారు మరిగించినట్టు, పొయ్యి మీద తోలు పడేసినట్టు. మా ఓనరు నరసింహమూర్తి గారు ముక్కు మూసుకుని, "నువ్వు లంకవాడివి కదయ్యా, నువ్వే తేల్చు. చెడిపోతే సాయంత్రానికల్లా వెనక్కి పంపేద్దాం" అని లోపలికి వెళ్ళిపోయారు. చెడిపోయిందని నేను అప్పటికే తేల్చేశాను. గేటు దగ్గరున్న నూకాలుకి ఆ వాసన తగిలింది.

"ఏటి బావూ అది? ఇలగియ్యి, సూద్దాం."

చిటికెడు వేళ్ళతో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్ళతో నోరు పుక్కిలించి, బొడ్లోంచి తన ఆకు తీసి, అందులో ఈ పొగాకు వేసి చుట్టింది. ముట్టించి నిప్పు లోపలికి పెట్టుకుని నోరు మూసేసింది. పైపులో పెట్టుకుని దర్జాగా పీల్చాల్సిన దొరల పొగాకుని అడ్డపొగ వేస్తుంటే నాకు నవ్వాగలేదు. ఆవిడ నావైపు చూడనైనా లేదు. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు పిలిచినా పలకలేదు. అయిదు నిమిషాలు కళ్ళు మూసుకునే ఉంది.

"మూడు ఆకులున్నాయి" అంది చివరికి. "ఒకటి తియ్యగుంది, మీ గోదారి పక్క ఆకులాగ. ఒకటి కూసింత పులుపు, పువ్వుల వాసన. మూడోది కర్రల పొగలో మాగబెట్టినారు, మేం సేపలకి పొగెట్టినట్టు. నీకు కాలిన వాసనొస్తన్నాదే, అది సెడిపోయి కాదు. ఆకు గుణమే అది."

డబ్బాలు వెనక్కి పంపలేదు. మూడోరోజు కెప్టెన్ వచ్చి మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన పీల్చి, మురిసిపోయాడు. ఏదో దూరదేశంలో ఆ ఆకుని నెలల తరబడి కట్టెల పొగలో మాగబెడతారని ఆయనే చెప్పాడు. నరసింహమూర్తి గారు నా భుజం తట్టి, "లంకవాడివి అనిపించుకున్నావయ్యా!" అన్నారు. నూకాలు పేరు నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ తర్వాత పైపు పొగాకు ఎప్పుడొచ్చినా తీర్పు నూకాలుది, పేరు నాది. పేటలో ఎలాగూ ఆవిడ మాటకు తిరుగులేదు. తగరపువలస సంతలో ఆకు కొనడానికి వెళ్ళే ఆడవాళ్ళు ఆవిణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళేవారు. ఒకసారి కొడుకు పెళ్ళి మాటల్లో కాబోయే వియ్యంకుడు ప్రేమగా చుట్ట ఇస్తే రెండు దమ్ములు పీల్చి, "ఆకు తడిసిపోనాది అన్నయ్యా, మరి తేకు" అందట. పెళ్ళి తప్పిపోయినంత పనయింది. ఎందుకలా అన్నావంటే, "బాగునేందాన్ని బాగుందని ఎలగంటాను బావూ?" అని నన్నే అడిగింది. తీర్పు చెప్పాల్సిన రోజు పొద్దుట నుంచి కారం ముట్టేది కాదు. మా ఆఫీసులో ఎవరూ పని విషయంలో అంత నిష్ఠగా ఉండగా నేను చూడలేదు, నాతో కలిపి.

2001లో ఆవిడ అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. అడ్డపొగ వల్లే అన్నారు డాక్టర్లు. ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సరన్నారు, నెలన్నర రేడియేషన్ ఇచ్చారు. పేటలో దాన్నే కరెంటు పెట్టడం అంటారు. ఇంక పొగ ముట్టుకుంటే మనిషి దక్కదని గట్టిగా చెప్పారు. ముప్పై అయిదేళ్ళ అలవాటు ఆ రోజుతో మానేసింది. గంప కోడలు చిట్టమ్మ తలకెక్కింది.

ఆ తర్వాత రెండేళ్ళూ తెలిసిన రకం డబ్బాలే రావడంతో నాకు గడిచిపోయింది. 2003లో కొత్త వ్యాపారి దగ్గర్నుంచి డబ్బాలు వచ్చాయి. మూత తీస్తే ఏదో పుల్లటి వాసన. ఆకు గుణమో, చెడిపోవడమో నాకు అంతుబట్టలేదు. ఓడ మర్నాడే వెళ్ళిపోతుంది. "నువ్వు చూశావంటే చాలు" అన్నారు నరసింహమూర్తి గారు. తెలియదని ఒక్క మాట చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేకపోయాను. డబ్బా సంచిలో పెట్టుకుని జాలరిపేట వెళ్ళాను. పొగ ముట్టకూడని మనిషి దగ్గరికి పొగాకు పట్టుకెళ్ళాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చిట్టమ్మ ఇంట్లో లేదు. నూకాలు అరుగు మీద ఒక్కతే ఉంది. బాగా చిక్కిపోయింది. డబ్బా చూడగానే మొహం వెలిగిపోయింది.

"రెండేళ్ళయినాది, నన్నెవులూ ఏటీ అడగనేదు" అంది.

"వాసన చూసి చెప్పు అప్పా, చాలు" అన్నాను. అన్నానే గానీ, చుడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపలేదు. రెండే దమ్ములు. ఈసారి కళ్ళు మూసుకోలేదు, నా మొహంలోకే చూసింది.

"బాగుంది" అంది.

డబ్బాలు ఓడెక్కించాను. సాయంత్రానికే తిరిగొచ్చాయి. పై పొర కింద ఆకంతా బూజు. మొత్తం సరుకుల ఆర్డరే రద్దు చేశారు. నరసింహమూర్తి గారు అందరి ముందూ నన్ను కడిగేశారు. ఆ కోపమంతా మోసుకుని జాలరిపేట వెళ్ళాను, ఆ ముసలిదాన్ని నాలుగు అడిగేద్దామని.

మీ అత్త బాగుందన్న పొగాకు బూజు పట్టిందని అరిచాను. వాకిట్లో చేపలు తోముతున్న చిట్టమ్మ నా మాట విని చెయ్యాపింది.

"మాయత్తనా అడిగినావు? కరెంటు ఎట్టిన కాణ్ణించి దానికి రుసి తెల్దు బావూ. పులుసులో ఉప్పు రెండుసార్లేసినా తినేత్తాది. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాది."

నా కోపం ఏమైపోయిందో తెలియదు. లోపలికి వెళ్ళాను. నూకాలు మంచం మీద లేచి కూర్చుంది.

"ఓడోల్లు ఏటన్నారు బావూ?"

"బాగుందన్నారప్పా."

"నీకు అబద్దం సెప్పడం రాదు. నాకూ రాదనుకున్నాను. ఆయేళ నాకు మంట తెలిసింది గానీ ఆకు తెలవనేదు. తెల్దని సెప్పేస్తే మరి నువ్వు రావని..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పేటలో సెప్పకు. నూకాలు మాట తప్పిపోనాదని అనుకుంటారు."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఓనరుకి ఆవిడ పేరు చెప్పలేదని అప్పుడు చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

మర్నాడు నరసింహమూర్తి గారి ముందు నిలబడ్డాను. 2001 దాకా ఏడేళ్ళూ ప్రతి డబ్బా చూసి చెప్పింది గేటు దగ్గర చేపలమ్మిన నూకాలని, ఒక్కసారీ తప్పలేదని చెప్పాను.

"మరి మొన్నటిది?" అన్నారాయన.

"మొన్నటిది ఆవిణ్ణి అడగలేదండి. నేనే చూశాను" అన్నాను.