గిన్నె తట్టు సూడకుండా చెప్పుమా

మా పెద్దోడు పోయాడు. కుప్పం ఆసుపత్రిలో, తెల్లవారి నేను కాఫీ తెచ్చేలోపల. పుంగనూరు పశువుల సంతలో వాడిని ఎరగనివాళ్ళు లేరు. కబురు అందరికీ చేరిందో లేదో అని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాకు చదువు తక్కువ. తప్పులుంటే సర్దుకొని చదవండి.

వాడు సంతలో దలారి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. మా సంతలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద టవల కప్పుకొని, దాని కింద వేళ్ళు పట్టుకొని చెప్పుకుంటారు. ఒప్పుకుంటే అరచేయి గట్టిగా నొక్కుతారు. చేతులు కనబడవు కాబట్టి వాడు మనుషుల మొహాలూ కాళ్ళూ చూడడం నేర్చుకున్నాడు.

ఒకసారి నేనూ వెంట పోయాను. ఒకాయన తన ఆవును చూపించి, "తన్నడమే తెలీదప్పా దీనికి. పసిబిడ్డొచ్చి పిండుకోవచ్చు" అంటున్నాడు. మావాడు ఆవును చూడలేదు, ఆయన నిలబడిన చోటు చూశాడు.

"అట్లయితే నువ్వు యాలన్నా తలకాయ తట్టునే నిలబడుకోనుండావు? రోంత ఎనక్కి రా, పొదుగు పట్టి సూపీ."

ఆయన కదల్లేదు. "బెదురు గొడ్డు ఆవు కాదప్పో, ఈయప్పే!" అన్నారెవరో. అందరూ నవ్వారు. మావాడు నవ్వలేదు. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద అన్నాడు: "అబద్ధం చెప్పేవోళ్ళంతా దొంగలు కాదుమా. భయపడి చెప్పేవోళ్ళే ఎక్కువ. నల్గురిలో అడిగుండకూడదు నేను."

ఇంట్లో నా అబద్ధాలూ దాగేవి కావు. తిన్నానని చెప్పి వాడికి ఇంకో ముద్ద సంగటి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "గిన్నె తట్టు సూడకుండా చెప్పుమా, తిన్న్యావా?" నాకు మిగలకపోతే నా కళ్ళు గిన్నెలోకి పోతాయంట. నాకే తెలియదు.

కడుపునొప్పి అని మదనపల్లెలో చూపిస్తే కుప్పం తీసుకుపొమ్మన్నారు. అక్కడ డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇంక చేసేదేమీ లేదమ్మా అన్నాడు. కొళాయి దగ్గర మొహం కడుక్కొని లోపలికి పోయాను.

"ఏమన్న్యాడుమా?"

"వారంలో ఇంటికి పంపిస్తానన్న్యాడు నాయినా."

కళ్ళలోకి సూటిగా చూస్తే నమ్ముతాడనుకున్నాను, రెప్ప కూడా కొట్టలేదు. నేర్చినోడు కళ్ళలోకే చూసి అబద్ధమాడతాడని వాడే ఎన్నోసార్లు చెప్పాడు. ఆ గడియలో అది నాకు గుర్తు రాలేదు.

వాడు నన్ను చాలాసేపు చూశాడు. "ఆ టవల ఇట్లియ్యిమా" అన్నాడు. ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఇప్పుడు నిజం అడుగుతాడనుకున్నాను. వాడు నా అరచేయి గట్టిగా నొక్కాడు, సంతలో నొక్కినట్టే.

"సరేమా. ఇంటికి పోదాం" అన్నాడు.

ఆ తర్వాత ఎవరేం చెప్పినా వాడు మొహంలోకి చూడలేదు. కిటికీ వైపే తిరిగి ఊకొట్టేవాడు. నేను చెప్పేటప్పుడు మరీను.

ఇప్పుడు రాత్రిపూట వాడి పెళ్ళాం, నా కోడలు, అడుగుతుంది, "తిన్న్యావా అత్తా?" అని. తిన్నానంటాను. నా కళ్ళు గిన్నెలోకే పోతాయి. పోవడం ఇప్పుడు నాకే తెలుస్తుంది. ఆ పిల్ల సరేనని దీపం ఆర్పి పడుకుంటుంది.